రెండు మెట్లు కిందికి

మా సాక్సోఫోన్ సార్ పోయారన్న వార్త, ఎవరి నోటి నుంచి వినకూడదో ఆయన నోటి నుంచే విన్నాను. హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ఇడ్లీ తింటున్నాను. సార్ వెళ్ళే చర్చిలో పాటల బృందాన్ని నడిపించే క్వయిర్ మాస్టర్ ఫోన్ చేశాడు. "మేడం, మన పెద్దాయన ప్రభువు దగ్గరికి పోయిండు. నిద్రలనే. గొప్ప కళాకారుడు మేడం, మస్తు బాధైతున్నది" అన్నాడు. ప్లేటు పక్కన పెట్టేశాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. గొప్ప కళాకారుడట! ఆ ముక్క ఆయన బతికుండగా నలుగురిలో ఒక్కసారి అని ఉంటే నేనివాళ ఇలా పళ్ళు కొరుక్కుంటూ రాయాల్సిన పని ఉండేది కాదు.

పోయినవాళ్ళ గురించి రాస్తూ ఉన్నవాళ్ళ మీద కక్ష తీర్చుకోకూడదంటారు. నేను తీర్చుకుంటాను. చదివేవాళ్ళకు ముందే తెలియడం మంచిదని చెబుతున్నాను.

నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను, ఇల్లు తార్నాకలో. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్తే, ఒక మూల ప్రహరీ గోడకు ఎదురుగా మడత కుర్చీ వేసుకుని, మనుషులకు వీపు పెట్టి సాక్సోఫోన్ ఊదుతూ కనిపించేవారు సార్. మాణికేశ్వర్ నగర్‌లో ఆయన ఇంటికి, పక్కింటికి మధ్య ఒకటే గోడ. అక్కడ ఊదితే పసిపిల్లలు ఉలిక్కిపడతారని ఇంత దూరం మోసుకొచ్చేవారు. ఒకరోజు ధైర్యం చేసి, గోడకెందుకు ఊదుతున్నారని అడిగాను.

"గోడ అబద్ధం చెప్పది బిడ్డా. మనమెట్ల ఊదితే గట్లనే తిరిగిస్తది. చప్పట్లు గూడ కొట్టది" అన్నారు. చప్పట్లంటే ఆయనకు అంత ఒళ్ళుమంట ఎందుకో నాకప్పుడు తెలియదు.

నేర్చుకుంటానంటే వద్దన్నారు. నీ నోరు పాఠాలు చెప్పే నోరు, పాడైపోతుందన్నారు. నేను వదల్లేదు. చివరికి ఒకరోజు నా స్కూటీ వెనక ఎక్కి, "చల్ మేడం, అంబర్‌పేట్‌ల ఒకటి చూసొద్దాం" అన్నారు. పెళ్ళి బ్యాండు సామాను అమ్మే చిన్న దుకాణం అది. డోళ్ళ మధ్య ఒక పాత టెనర్ సాక్సోఫోన్, అంటే మందర గొంతు రకం, వేలాడుతోంది. పైపూత చాలాచోట్ల లేచిపోయి, మిగిలినచోట ముదురు బెల్లం రంగు తేలింది. ఎవరో విదేశీయుడు ఎప్పుడో వదిలిపోతే, ఏళ్ళతరబడి ఊరేగింపుల్లో తిరిగి తిరిగి అక్కడికి చేరిందట.

"రెండ్రోజులు టైమియ్యిండ్రి, పాలిష్ కొట్టి బంగారం లెక్క మెరిపిస్త" అన్నాడు దుకాణదారు.

"దాని మీద చెయ్యి వెడితె మంచిగుండది" అన్నారు సార్. "తోలు గీకినవంటే దాని గొంతు పోతది."

తర్వాత నన్ను వెనక చీకటి గదిలోకి తీసుకెళ్ళి, ఫోన్ లైటు గొట్టం లోపలికి దించి, రంధ్రాల మీది మూతలు ఒక్కొక్కటే నొక్కి చూశారు. మూత సరిగ్గా కూర్చోని చోట సన్నగా వెలుతురు బయటికి వస్తోంది. "వెలుతురు కారిందంటే గాలి కారినట్టే" అన్నారు. రెండు మూతలు మార్పించుకోవాలని తేల్చారు. ధర సంగతి వదిలేయండి, నాకు ఇష్టమైపోయిందని మొహంలోనే తెలిసిపోయాక బేరమేముంటుంది! బయటికొచ్చి ఆయనే మొదట ఊదారు. అట్టడుగు స్వరం, ఊపిరి ఉన్నంతసేపు. బస్సుల రొదలో కూడా రోడ్డు మీద మనుషులు ఆగిపోయారు. తనను చూస్తున్నారని తెలియగానే సార్ చటుక్కున గోడవైపు తిరిగిపోయారు.

నా చదువు ఎలా సాగిందో చెప్పుకోవాలంటే సిగ్గే. కింది పెదవి పుండయింది. నా మొదటి స్వరానికి క్యాంపస్ కుక్కలు లేచి అవతలికి పోయాయి. "దూడ తప్పిపోయిన బర్రె లెక్క అరుస్తున్నవ్ మేడం" అని నవ్వేవారు. నేను ఉడుక్కుంటే, "కోపమొస్తే మింగకు, ఊదు" అనేవారు. ఆ మాట నాకు క్లాసు గదిలోనూ పనికొచ్చింది.

ఆయన నేర్పినవాటిలో ఒకటి మీకూ తెలియాలి. టెనర్ సాక్సోఫోన్‌కు, కీబోర్డుకు ఒకే కాగితం చూసి వాయించకూడదు. అదే స్వరం చదివి ఇద్దరూ వాయిస్తే టెనర్ కీబోర్డు కంటే కిందికి పలుకుతుంది, రెండూ కొట్టుకుంటాయి. అందుకని టెనర్‌కు వేరే కాగితం రాస్తారు. "కీబోర్డోళ్ళకైతే ఒక బటన్ ఉంటది. రెండు మెట్లు కిందికి వెడితే మన కాగితమే వాళ్ళకూ సరిపోతది" అన్నారు సార్. అని, రీడు నోట్లో పెట్టుకున్నారు. రీడంటే సాక్సోఫోన్ మూతికి బిగించే వెదురు బద్ద. ఊదే ముందు దాన్ని నానబెట్టాలి. సార్ మాత్రం మాట్లాడటం ఇష్టం లేనప్పుడు కూడా నానబెట్టేవారు.

ఆయన చెప్పనిది ఆయన భార్య, ఆంటీ చెప్పింది, ఒకరోజు వాళ్ళింట్లో టీ పోస్తూ. సార్ ఎన్నో ఏళ్ళు చర్చిలో సాక్సోఫోన్ వాయించారు. కొత్త క్వయిర్ మాస్టర్ వచ్చాక ఒక క్రిస్మస్ ఆరాధనలో, అప్పటికప్పుడు ఒక కొత్త పాట కాగితం సార్ చేతికిచ్చాడు. ఇది నాకు రాసిందేనా అని సార్ అడిగితే, "మీదే అన్నా, ఊదుండ్రి" అన్నాడు. అది ఆ మాస్టర్ తాను వాయించే కీబోర్డుకు రాసుకున్న కాగితం. మొదటి వరుసకే రెండూ కొట్టుకున్నాయి. సార్ తేరుకుని సర్దుకునేలోపే క్వయిర్ మాస్టర్ చెయ్యెత్తి పాట ఆపించి, మైకులో, "పెద్దాయనకు వయసైపోయింది, పాపం. ఇన్నేండ్లు సేవ చేసిండు, అందరు గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి" అన్నాడు. కొట్టారు. సార్ సాక్సోఫోన్ సర్దుకుని, ఆ చప్పట్ల మధ్యలోంచి నడిచి బయటికొచ్చేశారు. మరుసటి ఆదివారం నుంచి కీబోర్డులోనే సాక్సోఫోన్ బటన్ నొక్కి మాస్టరే ఆ పని కూడా కానిచ్చేశాడు. తర్వాత ఎవరో నిలదీస్తే, "నేను కీబోర్డోణ్ణి, సాక్సుకు వేరే కాగితముంటదని నాకేమెరుక?" అన్నాడట.

నేను ఉండబట్టలేక మర్నాడు సార్‌ను అడిగాను. చాలాసేపు రీడు నోట్లోంచి తీయలేదు. తర్వాత అన్నారు: "తెల్వక చేస్తే మాఫ్ బిడ్డా. తెలిసి చేస్తే మాఫ్ లేదు. ఏదో ఒకటి తెలిస్తే నిమ్మళంగ ఉంటుండె. ఒక్కోపారి నా చెవే పోయిందేమో అనిపిస్తది."

ఆ చెవి పోయిందట! గోడ అవతల నేను స్కూటీ ఆపితే, ఇవాళ బ్రేకు వేరేలా కూసింది చూపించుకో అనే చెవి. ఆ చెవి మీద ఆయనకే అనుమానం పుట్టించిన మనిషిని నేను ఎలా క్షమిస్తాను?

సార్ పోయిన తర్వాత చర్చిలో ఆయన్ను తలుచుకుని ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. సార్ కట్టిన బాణీ ఒకటుంది, మాటల్లేనిది. దాన్ని నా టెనర్ మీద వాయించమని ఆంటీ అడిగింది. ఆ సంగతి తెలిసి క్వయిర్ మాస్టర్, "నేను కీబోర్డు వట్టుకుంట మేడం, నోట్స్ ఫోటో పంపుండ్రి" అన్నాడు. సార్ చేత్తో రాసుకున్న కాగితం, టెనర్ కాగితం, ఫోటో తీసి ఉన్నదున్నట్టు పంపాను. ఒక్క ముక్క వివరించలేదు. తెలియదన్నాడు కదా. తెలియకపోతే, సార్ పడినచోటే, సార్ పడిన మనుషుల ముందే పడతాడు. అది తలుచుకుంటూ ఆ వారమంతా కడుపు నిండా అన్నం తిన్నాను.

చర్చి నిండిపోయింది. ముందు వరసలో ఆంటీ. అతను సార్ గురించి చాలాసేపు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. నేను పెదవి బిగించి మొదటి స్వరం ఊదాను, రెండూ కొట్టుకునే ఆ చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని.

కొట్టుకోలేదు. తేనెలా కలిసిపోయాయి. వెనకెవరో వెక్కడం వినిపించింది. నేను ఊదుతూనే పక్కకు చూశాను. కీబోర్డు చిన్న తెర మీద మైనస్ రెండు అని వెలుగుతోంది.

టెనర్ నోట్లోంచి తీసేశాను. అతనూ ఆగి, ఏమైందన్నట్టు చూశాడు.

"మాస్టర్ గారూ, రెండు మెట్లు కిందికెందుకు పెట్టారు?" అన్నాను.

"టెనర్ నోట్స్ కద మేడం" అన్నాడు నవ్వుతూ, కాస్త గర్వంగా కూడా. "గట్ల వెట్టకుంటే కలవదు. మేము నేర్చుకున్నప్పుడు మొదటి పాఠమే గది."

ఎదురుగా మైకు ఉందని మరిచిపోయాడు. మాట చివరి వరస దాకా వెళ్ళింది. అందరికీ అర్థం కాలేదు కానీ ఆంటీకి అర్థమైంది. కూర్చున్నచోటి నుంచే, గొంతు ఏమాత్రం పెంచకుండా, "మరి గా క్రిస్మస్ నాడు, బ్రదర్?" అంది. దాంతో మిగతావాళ్ళకూ అర్థమైంది.

అతను నోరు తెరిచాడు. నానబెట్టుకోడానికి అతని దగ్గర రీడు కూడా లేదు.

నేను బాణీ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, ఒక్కదాన్నే. గోడకు కాదు, మనుషులకు ఎదురుగా నిలబడి, అట్టడుగు స్వరం ఊపిరి ఉన్నంతసేపు ఊదాను. అతని చేతులు ఒళ్ళో ఉన్నాయి. బాణీ పూర్తయ్యాక చప్పట్లు లేవు. ఆంటీ చెయ్యి పట్టుకుని వెళ్ళడానికి ఒక్కొక్కరే లేచి, కీబోర్డు ముందు నుంచి వస్తున్నారు. దాటేటప్పుడు ప్రతివాళ్ళూ కాస్త వంగి, ఆ వెలుగుతున్న చిన్న తెరను చూసి మరీ వస్తున్నారు. దాన్ని ఆర్పేయాలని అతనికి తోచలేదు.