కింది పైపులో వల ముక్క

మా బావకు రెండు కళ్లలోనూ పొరలు తీయించి అప్పటికి మూడు నెలలైంది. ఆ కళ్లు నా చేతిపని వల్ల పోతాయేమోనని ఒక పొద్దున్నంతా నేను వణికిన సంగతి ఇది. వణికానే గానీ నోరు విప్పలేదు. అది కూడా రాయాలి, లేకపోతే రాయడం దేనికి? నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక. అబద్ధాలు రాసేటట్టయితే అంత కష్టపడక్కర్లేదు.

మాది సముద్రపు ఒడ్డు. అక్కా బావా చేపల వ్యాపారం చేస్తారు. ఒడ్డున పడవలు చేరగానే చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, రాజాం తీసుకెళ్లి అమ్ముతారు. తీసుకెళ్లేది పాత తెల్ల అంబాసిడర్‌లో. విజయనగరంలో ఒక ప్లీడరు గారు వాడి వాడి వదిలేసిన కారది. వెనక సీటు పీకేసి అక్కడ పెట్టెలు పెట్టారు. చిన్న వ్యాను కొనుక్కోమని అందరూ చెప్పారు. బావ వినలేదు. ఆ స్టీరింగు ముందు కూర్చుంటే ఆయనకు తాను కలెక్టరునన్నట్టుంటుంది.

దాని రేడియేటర్‌ను చంపింది మేమే. దారిలో ఇంజను వేడెక్కిందంటే చాలు, అక్క పెట్టెకున్న బిరడా తీసి, చేపల కింద కరిగిన ఐసు నీళ్లు చెంబుతో పట్టి ఇచ్చేది. బావ ఇంజను ఆపి, కాసేపు ఆగి, మూత తీసి పోసేవాడు. చల్లటి నీళ్లు కదా, ఇంజనుకు హాయిగా ఉంటుందని మా తెలివి. ఐసులో ఉప్పు చల్లుతాం. పెట్టెలు కడిగేది సముద్రపు నీళ్లతో. ఏళ్ల తరబడి ఆ ఉప్పు తాగి రేడియేటరు లోపలంతా పచ్చగా చిలుం పట్టి తినేసింది. కారు ఆగిన చోటల్లా చేపల పులుసు కాగుతున్న వాసన. చివరికి అడుగున జల్లెడలా కారడం మొదలుపెట్టింది.

విజయనగరంలో పాత కార్ల సామాన్లమ్మే కొట్లో ఇత్తడి రేడియేటరు ఒకటి దొరికింది. దాంతో పాటు రెండు రబ్బరు పైపులు, నాలుగు క్లిప్పులు. బిగించేది నేనే అన్నాను. పెళ్లికి ముందు కొన్నేళ్లు లారీల మీద పనిచేశాను మరి.

"మెకానిక్కుని పిలుద్దుంరా తమ్ముడూ" అంది అక్క.

"మెకానిక్కు నాకేటి సెప్తాడక్కా? ఆడికి నేనే సెప్తాను."

"లారీ దిగి నలబై ఏల్లయినాది, గొప్పలు మాత్రం ఇంకా దిగనేదు" అన్నాడు బావ.

పని మాత్రం శ్రద్ధగానే చేశాను. కింద తూము విప్పి నీళ్లన్నీ వదిలేశాను. పాత పైపులు ఇనుముకు అతుక్కుపోయి రాకపోతే చేపలు కోసే కత్తితో చీరేశాను. బోల్టులు విప్పి పాతదాన్ని పైకి లాగాను. పైపులు ఊడదీశాక ఇంజనుకున్న రెండు మూతులూ తెరుచుకునే ఉంటాయి. మట్టి గానీ నట్టు గానీ పడకుండా అందరూ అందులో గుడ్డ కుక్కుతారు. మా ఇళ్లలో గుడ్డ కోసం వెతకాలి గానీ వల కోసం వెతకక్కర్లేదు. చినిగిన వలలోంచి రెండు ముక్కలు కోసి, ముద్దలు చేసి, పైనొకటి కిందొకటి కుక్కాను. పై మూతి కంటికి కనపడుతుంది. కిందిది కనపడదు. కారు కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి మోచేతిదాకా దూర్చి, తడుముకుంటూ చెయ్యాలి.

కొత్తది బిగించి, మంచి నీళ్లు పోసి, ఇంజను తిప్పాం. చుక్క కారలేదు. బావ వాడంతా చెప్పుకుని వచ్చాడు.

మర్నాడు తెల్లారి చేపలు నింపుకుని బయల్దేరాం. ముందర బావ, అక్క. వెనక ఐసు పెట్టె మీద నేను. కళ్లు బాగయ్యాక బావకు బోర్డుల పిచ్చి పట్టింది. ఆయనకు చదువు రాదు. రంగులు చూసి మురిసిపోతాడు, రాతలు నన్నడుగుతాడు.

"ఒరే, అదేటి రాసున్నాది?"

"షామియానాలు అద్దెకిస్తారంట."

"ఆ ఎరుపు సూడు, ఎలాగ మెరుస్తన్నాదో! ఇన్నాల్లూ నాకిదంతా బూడిదలాగ కనపడీది. డాట్రు బాబుకి దండం పెట్టాలి."

హైవే దాటుతుండగా నాకు గుర్తొచ్చింది. ముందురోజు పై మూతిలోంచి వల ముక్క లాగి పెరట్లోకి విసిరాను. అది కాళ్లకు చుట్టుకుని కోడి గెంతితే అక్క పడీ పడీ నవ్వింది. మరి కిందిది? కింది పైపు ఎక్కించాను. క్లిప్పు బిగించాను. ముక్క తీసినట్టు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. రెండు చేతులూ ముందు పెట్టుకుని ఆ పని మొత్తం మళ్లీ గాల్లో చేసి చూసుకున్నాను. తీయడం లేదు. తీయలేదు నేను.

రేడియేటరులో చల్లారిన నీళ్లు మళ్లీ ఇంజనులోకి వెళ్లేది ఆ దారినే. వల కదా, కన్నాలుంటాయి, కొంచెమైనా నీళ్లు పోతాయి అని నాకు నేను చెప్పుకున్నాను. రాజాం దాకా లాగేస్తే చాలు, అక్కడ ఎవరూ చూడకుండా తీసేస్తాను అనుకున్నాను. వేడి చూపించే ముల్లు ఆ కారులో ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని ముక్కుతో చూడసాగాను. వాసన వస్తోందా? రావట్లేదా?

నాకు భయం ఇంజను గురించి కాదు. లారీ మీద ఉన్న రోజుల్లో ఒక డ్రైవరు సలసల మరుగుతున్న రేడియేటరు మూత విప్పడం నేను చూశాను. నీళ్లు నిలువునా లేచి ముఖం మీద పడ్డాయి. ఆసుపత్రి దాకా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. ఆ తర్వాత ఆయన మళ్లీ బండి నడపలేదు. గోడ పట్టుకుని నడిచేవాడు.

"ఏటిరా పలకవు? అచ్చరాలు అయిపోనాయేటి?" అన్నాడు బావ అద్దంలోంచి నన్ను చూస్తూ.

"ఎరువుల కొట్టు" అని చదివాను.

చెప్పేస్తే ఏమయ్యేది? నవ్వేవాళ్లు. మెకానిక్కుకే చెప్తానన్నాడు అని పదిమందికీ చెప్పుకునేవాళ్లు. అంతే. అంతమాత్రానికి నేను నోరు కట్టేసుకున్నాను. చీపురుపల్లిలో లారీల వెనక ఆగుతూ కదులుతూ వెళ్లాం. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కింద ఐసు ఉన్నా నాకు చెమటలు ఆగలేదు.

ఊరు దాటి ఎంతో దూరం పోలేదు. బానెట్టు అంచుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. బావ మొక్కజొన్న చేను పక్కన కారు ఆపి, నిదానంగా దిగాడు.

"కొత్త రేడియేటరు కదా, నీలు తాగేసినాది. ఒసే, సెంబుతో నీలట్టుకురా" అంటూ భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. ఈసారి ఆగలేదు. కొత్తదానికి ఏమవుతుందన్న ధీమా.

నా పక్క తలుపు లోపలినుంచి తెరుచుకోదు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి పిడి తిప్పాలి. తిప్పుతున్నాను, చెయ్యి జారిపోతోంది. బానెట్టు లేచింది. ఇంక ఆయన నాకు కనపడటం లేదు.

"బావా, ముట్టకు!"

"ముట్టకపోతే నీలెలాగ పోస్తాన్రా?"

తలుపు ఊడి వచ్చినంత పనై రోడ్డు మీద పడ్డాను. లేచి చూస్తే ఆయన సరిగ్గా మూత మీదికి వంగి ఉన్నాడు. కళ్లొచ్చాక ప్రతిదీ దగ్గరగా చూడటం అలవాటైంది ఆయనకు. చెయ్యి మూత మీద ఉంది.

"కింద పైపులో వల ముక్క ఉండిపోనాది బావా! నేనే మర్సిపోనాను! తీస్తే మొకం మీద పడతాది, తియ్యకు!"

అప్పటికే మూత కొంచెం తిరిగింది. బుస్సుమంది. ఆయన వెనక్కి గెంతాడు. మరిగిన నీళ్లు పక్కకు చిమ్మి ముంజేతి మీద పడ్డాయి. నేను ఆయన ముఖం రెండు చేతుల్తో పట్టుకున్నాను. "కనపడతన్నాదా? నేను కనపడతన్నానా?" అని అరుస్తున్నాను.

"కనపడతన్నావురా, ఒగ్గు" అన్నాడు నా చేతులు విడిపించుకుంటూ.

అక్క చెంబులో నీళ్లు ఆయన చేతి మీద కుమ్మరించింది. చర్మం ఎర్రగా కందింది గానీ ఊడలేదు. కారు బుసలు కొడుతూనే ఉంది. బావ దూరంగా జరిగి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎప్పుడు గేపకమొచ్చింది నీకు?"

ఇప్పుడే అని చెప్పొచ్చు. నమ్మేవాడు కూడా.

"హైవే దాటినప్పుడు" అన్నాను.

అక్క అంది. "నాలుగు బోర్డులు సదివినావు. ఈ ఒక్క ముక్క సెప్పడానికి నోరు రానేదేటిరా? ఆ కల్లు పోతే నువ్విస్తావేటి? నువ్వు మనిసివేనా?"

గంటకు పైగా అక్కడే ఉన్నాం. పెట్టెల్లో ఐసు కరిగి రోడ్డు మీదికి పారింది. దారిన పోయేవాళ్లు ఆగి ఏమైందని అడిగితే, వేడెక్కింది అని మాత్రం చెప్పింది అక్క. ఆవిరి ఆగిపోయింది. పైపు విప్పాలంటే ముందు మూత తియ్యాలి. లోపల చల్లారిందో లేదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

నేను తువ్వాలు తీసుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మూత నొక్కి తిప్పాను. తువ్వాలు రెండుసార్లు జారింది. మూడోసారి వచ్చింది. చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు, అంతే.

కళ్లు తెరిచి చూస్తే బావ చేను గట్టు మీద, అటు తిరిగి నిలబడి ఉన్నాడు. కాలని చేతిని కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

"అయిపోనాది, రా బావా" అన్నాను.

ఆయన రాలేదు. నేను మళ్లీ పిలవలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని కారు కిందికి దూరాను.