సిలువ నేసిన జంపఖానా

బర్మా నుంచి వచ్చేసిన ఏడాది నేను వరంగల్ కాలేజీలో పీయూసీలో చేరాను. నాన్నకు కాజీపేట రైల్వేలో పని దొరికింది. ఓడలో నాకు జ్వరం ముదిరినప్పుడు, బతికితే దేవుని సేవకు ఇస్తానని ఆయన మొక్కుకున్నాడు. సేవ అంటే ఆయనకు పాస్టరు పనే. పీయూసీ అవగానే నన్ను పాస్టర్ల బడికి పంపడానికి ఉత్తరం రాయమని మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగి పెట్టాడు.

నాకేమో బొమ్మలు గీయాలని. సాయంత్రాలు కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చునేవాణ్ణి. నేను గళ్ల కాగితం మీద నమూనా గీస్తే, గళ్లు చూసుకుంటూ ఆయన నేసేవాడు.

"రంగూన్ పిలగా, నీ చెయ్యి మంచిగున్నది. సదువైనంక ఈడనే ఉండు."

నాన్నతో అంటే మండిపడ్డాడు. "దేవుడికిచ్చీసిన పిల్లోడివి, రంగులు పూసుకుంటావేట్రా?"

బైబిల్లో, ఎడారిలో తన గుడారం కట్టించినప్పుడు దేవుడు ఒక పనివాణ్ణి తన ఆత్మతో నింపాడు కదా అన్నాను.

"ఆ పనోడి కోసం ఆళ్ల నాన్న మొక్కుకోలేదురా!"

చర్చిలో కోత పండుగకు అందరూ గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పిస్తారు. నేను గీసి, పెద్దాయన నేసిన జంపఖానా ఇచ్చాను. సంఘం మెచ్చితే నాన్న దిగివస్తాడని నా నమ్మకం. నడుమ నిలువెత్తు ఎర్ర సిలువ గీశాను. మా గుడిలో బెంచీలు లేవు, అందరం నేలమీదే కూర్చుంటాం. జంపఖానా పరిస్తే ఒక్కరూ దానిమీదికి రాలేదు.

"సిలువ మీద కాళ్లు వెట్టుమంటవా బిడ్డా?" అంది ములుగు నుంచి వచ్చిన ముసలమ్మ. జనమంతా గోడలకు అతుక్కున్నారు.

"సూసావా? దేవుడు జవాబిచ్చీసాడు," అన్నాడు నాన్న.

ముందే ఎందుకు చెప్పలేదని పెద్దాయనను అడిగితే, "మీ దేవుని సంగతి మీకే ఎరుక అనుకున్న," అన్నాడు.

మూడు రోజులు ప్రార్థించాను. దేవుడు నా పనిని కాదనలేదు, నా గొప్పను కాదన్నాడు. నా భక్తి అందరికీ కనబడాలని గీశానే గాని, కూర్చునేవాళ్లను తలచుకోలేదు. మళ్లీ గీశాను. అంచుల్లో ద్రాక్షతీగ, నడుమ అంతా ఖాళీ.

"ఈసారి నువ్వే నెయ్యి," అని పెద్దాయన నన్ను మగ్గం మీద కూర్చోబెట్టాడు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు దాన్ని పరిచాను. ముసలమ్మ చేత్తో తడిమి చూసి, నడుమ కూర్చుని కాళ్లు చాపింది.

"గిట్లుండాలె! జర జరుగుండ్రి, ఇంకొకలు కూసుంటరు." గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్నను చూసి, "కొడుకు నేసినదాని మీద కూసుంటే నీ మొక్కు చెడుతదా, రంగూనాయనా?" అంది.

అందరూ నవ్వారు. నాన్న వచ్చి మోకరించాడు. ప్రార్థన ముగిసి జనం లేచినా ఆయన తల ఎత్తలేదు. చివరికి లేచి అయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

"ఆ ఉత్తరం రాయకండి అయ్యగారూ. నాను దేవుడికిచ్చీసాను. ఏ పని సెప్పాలో ఆయనే సెప్పుకుంటాడు."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఏట్రా సూత్తావు? మగ్గం కాడికి ఆలస్యంగా ఎల్లావంటే ఊరుకోను."