పసుపు గొంతు పిట్ట కోసం మా చిన్నమ్మ ఎక్కిన కొండలు

మా చిన్నమ్మ పోయిందని ఉద్దనపల్లి నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు నేను మత్తిగిరిలో ఫ్యాక్టరీకి బయలుదేరుతున్నాను. కామెర్లు ముదిరి, కృష్ణగిరి ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. మా అమ్మకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఊరి బళ్ళో టీచరు.

ఆమెంత పిరికి మనిషిని నేను చూడలేదు. కుక్క మొరిగితే వీధి మారేది. ఉరిమితే తరగతిలో పిల్లల మధ్యకు వచ్చి, వాళ్ళకు ధైర్యం చెబుతున్నట్టుగా కూర్చునేది. అలాంటి మనిషి సెలవు రోజుల్లో ఎలుగుబంట్లు తిరిగే రాళ్ళ కొండలు ఎక్కేది. భయం వెయ్యదా అని అడిగితే, "వేస్తాది పాపా. దాన్ని కూడా పిలుచుకొనే పోతాను" అనేది.

ఎక్కేది కొండ పిగిలి కోసం. ఊళ్ళో తిరిగే పిగిలిపిట్టకు తల నలుపు, తోక కింద ఎరుపు. దీనికి గొంతూ, తోక కిందా పసుపు. బండరాళ్ళూ ముళ్ళపొదలూ ఉన్న ఎండు కొండల్లోనే బతుకుతుంది. మన దక్షిణాది కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదట. ఊళ్ళలోకి రాదు. ఒక కొండకూ ఇంకో కొండకూ నడుమ ఉన్న రాగి చేలను చూపించి, "ఇదంతా దానికి సముద్రం మాదిరి" అనేది చిన్నమ్మ. ఏ కొండ మీద ఉంది, ఏ కొండ మీద లేదు అన్నదే ఆమె వెతుకులాట.

ఎనభైల మొదట్లో ఊరి వెనక కొండకు ఒకవైపు రాళ్ళ క్వారీ మొదలైంది. ఆ ఏడు వానల ముందు, రెండోవైపు పొదలో గూడు కనబడిందని నన్ను తీసుకుపోయింది. ఆదివారం, పని ఉండదనుకున్నాం. గూట్లో కళ్ళు తెరవని పిల్లలు. మేము చూస్తుండగానే, మందు పేల్చబోతున్నామని కింద క్వారీలో విజిల్ ఊదారు.

దిగడానికి వ్యవధి లేదు. చిన్నమ్మ నన్ను ఒక బండ కిందకు లాగి, నా తల తన ఒడిలోకి వంచేసింది. కొండంతా అదిరింది. చెవుల్లో హోరు. రాళ్ళు మా పైబండ మీద పడి పగులుతున్నాయి. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు నా నెత్తి మీదే వినిపించింది. దుమ్ము తగ్గాక ఆమె ముందుగా పోయి చూసింది పొదనే. గూడు నిలిచే ఉంది.

మరునాడు క్వారీ మేస్త్రి దగ్గరకు పోతానంది. ఆయన నోటికి కూలీలంతా భయపడేవాళ్ళు. వద్దని బతిమాలినా వినలేదు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను.

"అప్పా, ఆ పక్క పొదలో పిట్టపిల్లలుండాయి. ఎగిరేదాకా ఈ పక్క మందు పెట్టొద్దు" అంది.

"పిట్ట కోసమా వచ్చినావమ్మా? నిలబడలేక వణుకుతుండావే."

"నిన్న ఆ బండ కింద ఉన్నింది మేమేనప్పా. కాళ్ళుండే మేమే యాడికీ పోలేకపోతిమి. రెక్కలు రాని పిల్లలు యాడికి పోతాయి?"

మేస్త్రి ముఖంలో రంగు మారింది. కొండ మీద మనుషులున్నారని ఆయనకు తెలియదు. తరువాత, పని అవతలి కొసకు మార్పిస్తానని మెల్లగా అన్నాడు. మార్పించాడు కూడా. పిల్లలు ఎగిరిపోయాయి.

కొండ మాత్రం నిలవలేదు. ఏడాదికేడాది తరిగిపోయింది. ఆ పిట్టలు ఏమైనాయో తెలియక, చిన్నమ్మ రాయకోట వైపు కొండలన్నీ వెతికింది. వెతికే కొద్దీ ఆమె భయం పెరిగిందే కానీ తగ్గలేదు. ఇప్పుడది కుక్కల గురించో ఉరుముల గురించో కాదు. "మనం చూస్తుండంగానే లేకుండా పోతాదేమో పాపా" అనేది, గొంతు తగ్గించి.

ఆమెతో నేను ఆఖరుసారి కొండెక్కింది ఆమె పోయే ముందటి వేసవిలో. అప్పటికే నీరసంగా ఉంది. మేము అలసి కూర్చున్నచోట, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, మేడికొమ్మ మీద ఒక కొండ పిగిలి వాలింది. చిన్నమ్మ ఊపిరి బిగబట్టి నా మణికట్టు పట్టుకుంది. పిట్ట ఒక పండు పొడిచింది. దూరాన వేరే కొండ మీద తెల్లటి దుమ్ము లేచింది. చప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది. పిట్ట లేదు. చిన్నమ్మ నా చెయ్యి వదలలేదు. మేమిద్దరం ఇంకా ఊగుతున్న ఆ కొమ్మనే చూస్తూ ఉండిపోయాం.