పక్షిరాజు గూడూ, మా అన్నయ్య పరుపూ

మా అన్నయ్య పరుపులు కుడతాడు. ఆయన పనిలో ఒక చాదస్తం ఉంది. పరుపు కుట్టడం పూర్తవగానే దుకాణం నేల మీద పరిచి, చొక్కా విప్పి, ముందు తనే వెల్లకిలా పడుకుంటాడు. కళ్ళు మూసుకుని అటూ ఇటూ పొర్లుతాడు. దూదిలో ఒక్క గింజ వీపుకు తగిలిందా, కుట్టంతా విప్పాల్సిందే. కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి నవ్వుకుంటారు. "ముందు నా వీపు ఒప్పుకోవాలండీ, తరవాతే మీది," అంటాడు. ఆ దుకాణంలో గలేబులు, పరుపు గుడ్డలు కుట్టేది నేను. ఆ మహానుభావుడి వీపు పుణ్యమా అని కుట్టిందే మళ్ళీ కుట్టి నా వేళ్ళు అరిగిపోయాయి.

ఆయనకు ఒక్కడే కొడుకు. నా మేనల్లుడు ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. మూతి ముడుచుకుని కూర్చున్న ముసలాళ్ళను కూడా నవ్వించి ఫోటో తీసేవాడు. ఆ స్టూడియో మూతపడింది. అప్పటినుంచి వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే "ఊ" అంటాడు, పెడితే తింటాడు, మళ్ళీ గోడే. వదినేమో అది జబ్బంటుంది. అన్నయ్యేమో బద్ధకమంటాడు. నాకు పొద్దున జబ్బులాగా, సాయంత్రం బద్ధకంలాగా కనిపిస్తుంది. ఏదో ఒకటి తేల్చుకుంటే తిట్టాలో, దగ్గరకు తీసుకోవాలో తెలిసేది.

అంతలో మా చర్చికి బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మైకు అక్కర్లేని గొంతు, అయినా మైకు మింగేస్తున్నట్టు పట్టుకున్నాడు. ఆ రోజు అంశం పక్షిరాజు, బైబిల్లో చెప్పే పెద్ద వేట పక్షి. కోటు అంచులు రెండు చేతులతో పట్టుకుని రెక్కల్లా చాపి చూపించాడు. తల్లి పక్షిరాజు గూటిని ముళ్ళతో కడుతుందట. పైన మెత్తని ఈకలు పరుస్తుందట. పిల్ల ఎదిగాక ఆ మెత్తనంతా లాగి పారేస్తుందట. ముళ్ళు గుచ్చుకుని పిల్ల అంచుకు వస్తే తోసేస్తుందట. అది పడిపోతూ ఉంటే తల్లి కిందికి దూసుకెళ్ళి రెక్కల మీద మోసుకొస్తుందట.

"మీ పిల్లలు ఎందుకు ఎగరడం లేదో తెలుసా?" అని అరిచాడు. "మీ గూడు మెత్తగా ఉంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య కొట్టలేదు. జీవితమంతా మెత్తన చేయడమే పనిగా పెట్టుకున్న మనిషి, ఎవరో తన పేరు పిలిచి తిట్టినట్టు కూర్చుండిపోయాడు. కూటం అయ్యాక గేటు దగ్గర ప్రసంగీకుణ్ణి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, చిన్న అనుమానం. పిల్ల పడేటప్పుడు తల్లి ఎంత కిందికి పోయి పట్టుకుంటుందండీ? ఆలస్యమైతే?"

"విశ్వాసం, సోదరా, విశ్వాసం!" అంటూ ఆయన కారెక్కాడు.

ఇంటికొచ్చి వదిన బైబిలు ముందేసుకుంది. గూటిని కదిలించి రేపే పక్షిరాజు దొరికింది, పిల్లల పైన అల్లాడడమూ, రెక్కల మీద మోయడమూ దొరికాయి. "ముళ్ళు లేవండీ ఇందులో," అంది. "తోసేయడం కూడా లేదు." ఇంకా వెతికితే అదే పక్షిరాజు తినకూడని పక్షుల వరసలో మొదట ఉంది. ఇంకోచోట పీనుగుల దగ్గర మూగే గద్దలు కనిపించాయి. ఇవీ అవీ ఒకటేనా, వేరా? మోసే తల్లి పేరు ముట్టకూడనివాటిలో ఎందుకుంది? చదివినకొద్దీ మా ముగ్గురి బుర్రలూ చిక్కుపడ్డ దారపు ఉండలయ్యాయి.

"అంత చదువుకున్నాయన ఊరికే చెబుతాడా?" అన్నాడు అన్నయ్య.

"ఆయన తన కొడుకు కింద పరుపు లాగేశాడో లేదో అడిగావా?" అన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఏం లాభం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! ప్రసంగీకుడి మాట ఏకులా వచ్చి మేకులా దిగిపోయింది ఆయనలో. మర్నాడు కొడుకు మంచం మీది పరుపు చుట్టి అటక మీద పెట్టేశాడు. మేనల్లుడు లేచి నిలబడి అంతా చూశాడు. పరుపు పోయాక ఉత్త చెక్కల మీదే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంటూ వంటగదిలోకి పోయింది. అన్నయ్య మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి, వాడు ఎప్పుడెగురుతాడా అని చూసేవాడు. అలా చూసేటప్పుడు తన వీపు తనే రుద్దుకునేవాడు.

ఒక పొద్దున మంచం ఖాళీగా ఉంది.

"చూశావటే!" అన్నయ్య మొహం చాటంత అయింది. "ఎగిరాడు! పని వెతుక్కోడానికే పోయుంటాడు." ఈల వేసుకుంటూ దుకాణానికి వచ్చాడు. పాత దూది ఎండబెట్టడానికి ఇద్దరం దుకాణం ఉన్న మేడ మీదికి ఎక్కాం. నాలుగంతస్తుల మేడ అది. పిట్టగోడ మీద, కాళ్ళు బయటికి వేలాడేసి, మేనల్లుడు కూర్చున్నాడు.

అన్నయ్య చేతిలోని దూది గంప కింద పడింది. నావైపు తిరిగాడు.

"ఇప్పుడు నేను కిందికి పోయి నిలబడాలా? ఇక్కడే ఉండాలా? ఏం చెయ్యాలే?" గుసగుసగా అడిగాడు. నిజంగానే అడిగాడు! నా ప్రాణం పోతున్నా ఆ ప్రశ్న మరిచిపోను.

"నీ మొహం! నీకేమన్నా రెక్కలున్నాయా? పోయి చొక్కా పట్టుకో!"

అన్నయ్య చెప్పులు వదిలేసి చప్పుడు కాకుండా వెళ్ళి కొడుకు నడుం చుట్టూ పట్టుకున్నాడు. వెనక్కి లాగిన ఊపుకి తండ్రీకొడుకులిద్దరూ దూదిలో పడ్డారు.

"ఊరికే కూర్చున్నా నాన్నా. చెక్కల మీద నిద్ర పట్టలేదు, గాలికి వచ్చా," అన్నాడు వాడు.

ఊరికేనా? అవునో కాదో నాకు ఈరోజుకీ తెలియదు. అన్నయ్య అడగలేదు. దారంతా వాడి మణికట్టు వదలకుండా ఇంటికి తీసుకొచ్చాడు.

వాళ్ళిద్దరినీ అలా చూడగానే వదిన అటక మీది పరుపు దించి, చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆగు," అన్నాడు అన్నయ్య. చొక్కా విప్పాడు. ఉత్త చెక్కల మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. దుకాణంలో పొర్లినట్టే ఒకసారి అటు, ఒకసారి ఇటు పొర్లాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఒరేయ్, ఇక్కడ మేకు లేచిందిరా."

"అవును నాన్నా."

"ఇన్నాళ్ళూ దీని మీదే పడుకున్నావా?"

"ఊ."

"చెప్పొచ్చు కదరా!"

"గుచ్చాలనే కదా నాన్నా, పరుపు తీశావు."

ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా ముందు తను పడుకుని చూడకుండా పరుపు ఇవ్వని మనిషి. సొంత కొడుక్కి మాత్రం ఆ చెక్కల్ని పడుకుని చూడకుండానే ఇచ్చాడు. అన్నయ్య కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. లేవమంటే లేవడు. ఆ మేకు మీదే వీపు అదిమి పడుకున్నాడు.

అప్పుడు మేనల్లుడు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి వీపు కిందికి అరచెయ్యి దూర్చాడు.

"చెయ్యి తియ్యరా, గుచ్చుకుంటుంది," అన్నాడు అన్నయ్య.

"నువ్వు లే నాన్నా. లేస్తే తీస్తా."