ఊలు ఉండ, లేని చాట

ఈ పొద్దున కరీంనగర్ నుంచి మనవరాలు ఫోన్ చేసింది. అక్కడ ఒక బడిలో దానికి నాటకాలు నేర్పే ఉద్యోగం దొరికింది. రేపే మొదటి తరగతి. "బాపమ్మా, కొత్త పిల్లలు మొదటిరోజు కొయ్యల లెక్క నిలబడ్తరు. ముందుగాల ఆటలు ఆడిపియ్యాలె. నీ సందుగుల గా ఊలు ఉండ ఇంక ఉన్నదా?" అని అడిగింది. ఉండక ఎక్కడికి పోతుంది? పనికొచ్చే వస్తువు నా ఇంటి గడప దాటాలంటే ముందు నన్ను దాటాలి. పెట్టె తెరిచి ఆ ఎర్ర ఊలు ఉండ చేతిలోకి తీసుకున్నానో లేదో, మెట్‌పల్లిలోని ఆ వేసవి పొద్దంతా కళ్ల ముందుకొచ్చింది. ఈ వయసులో గుండె అంత జోరుగా కొట్టుకోకూడదంటారు గానీ, కొట్టుకుంది.

అప్పుడది చిన్నపిల్ల. ఇంట్లో దాని నోటికి తాళం లేదు. నేను వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంటే పక్కన చేరి, పాలాయన దగ్గు నుంచి ఎదురింటామె గొణుగుడు దాకా అన్నీ దించేసేది. వాకిలి దాటితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే తప్ప గొంతు వినిపించేది కాదు. అలాంటిది, సెలవుల్లో నాటకాల క్లాసు పెడుతున్నారని విని, పంపమని అన్నం మానేసింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాటకానికి కూడా బడి ఉంటుందా అనుకున్నాను. సరేనని బయలుదేరదీసి ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాను. "ఇయ్యాల నలుగుర్ల నోరు తెరిస్తెనే రేపు తోలుకొస్త. లేకుంటే ఇంట్ల కూసొని ఆకు కత్తిరియ్యి." నా మాటకు తిరుగు లేదని దానికి తెలుసు. దారి పొడుగునా నా కొంగు వదల్లేదు.

హాలులో బల్లలన్నీ గోడకు జరిపారు. నాటకం నేర్పే మేడం చిన్న వయసుదే. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి కొత్త ఊలు ఉండ ఒకటి తీసింది. ఉండ ఎవరి చేతికి వస్తే వాళ్లు పేరు చెప్పి, తమ ఇంట్లో చేసే పని ఒకటి చేతులతో చూపాలి. తక్కిన వాళ్లంతా అలాగే చేయాలి. తర్వాత ఊలు ఒక చేత పట్టుకుని, ఉండను ఎదుటివాళ్లకు విసరాలి. ఒకడు బర్రె పాలు పిండాడు, ఒకతి పసుపు కొమ్ములు ఆరబోసింది. హాలంతా నవ్వులే. నా కళ్లు మాత్రం ఊలు మీదే ఉన్నాయి. నిక్షేపంలాంటి ఊలు నేల మీద ఈడ్చుకుపోతూ, కాళ్లకు చుట్టుకుంటూ చిక్కుపడుతోంది. బీడీ దారంతో బతికినదాన్ని, చూస్తూ ఎలా ఊరుకుంటాను? లేచి వాళ్ల మధ్యలోకి దూరి, నేల మీది ఊలు చుట్టడం మొదలుపెట్టాను.

"అమ్మా, అది ఆట," అంది మేడం.

"ఆటైతే ఊలు ఖరాబు చేసుకుంటరా? మీరు ఇసురుండ్రి, నేను చుడ్త."

సరిగ్గా అప్పుడే ఉండ మనవరాలి చేతిలో పడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. "గీ పిల్ల మాట్లాడదా ఏంది?" అని పక్క పిల్ల గుసగుసలాడింది. మనవరాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపు తీసుకురానన్నది నేనే, ఇప్పుడు ఆ మాట మింగలేను. మేడం దాన్ని తొందరపెట్టలేదు. నా వైపు తిరిగి, "నడుమల నిలవడ్డరు గదమ్మా, మీరే చెప్పుండ్రి," అంది.

పెళ్లినాడు ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడి, మగని పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటే సిగ్గుతో చచ్చి చెప్పాను. నా పేరు మాత్రం ఎవరూ అడిగింది లేదు. కోడలా, వదినా, బాపమ్మా అనే పిలుపుల కింద అది ఎప్పుడో అణిగిపోయింది. గొంతు సవరించుకుని చెప్పేశాను. ఒళ్లు జల్లుమంది. ఆ ఊపులో నేల మీద కూర్చుని, లేని చాట ఒళ్లో పెట్టుకుని, లేని ఆకులో లేని తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టాను. పిల్లలంతా చతికిలబడి బీడీలు చేయసాగారు. అదేం చేయడం! ఒకడు పిడికెడు తంబాకు పోశాడు, ఆ గుసగుసల పిల్లేమో దారం పళ్లతో కొరికింది.

"ఏ పోరీ! దారం పండ్లతోని తెంపుతరా, కత్తెర లేదా? నువ్వేందిరా, గంత తంబాకు పోస్తివి, మీ అయ్య తెచ్చిండా? కొసలు పారేస్తే చెయ్యి ఇరుగుతది!"

గొంతు నాదే, విరుపు నాదే, నడుం మీది చెయ్యి కూడా నాదే. నేను మాత్రం నోరు విప్పలేదు. ఉండను చంకలో పెట్టుకుని తిడుతున్నది నా మనవరాలు.

హాలు విరగబడి నవ్వింది. మేడం కళ్లు తుడుచుకుంటూ పేరు అడిగితే, ఈసారి దాని సొంత గొంతుతోనే, కిటికీలు అదిరేట్టు చెప్పింది. నా పిసినారితనం నలుగురికీ తెలిసిపోయింది గానీ, నా లోపల డప్పులు మోగుతున్నాయి. బయటికి మాత్రం, "రేపు తోలుకొస్త తియ్యి," అన్నాను. పోయేటప్పుడు మేడం, నేను చిక్కు విప్పి చుట్టిన ఆ ఉండను నా చేతిలోనే పెట్టింది.

ఇందాక కొడుకు కరీంనగర్ పోతుంటే దాన్ని కవరులో చుట్టి ఇచ్చి, మనవరాలికి ఫోన్ చేశాను. "ఆటైనంక మంచిగ చుట్టి పంపు. తెంపకు," అన్నాను. "తెంపితే మీ అయ్య తెచ్చిస్తడా?" అని అటు నుంచి నా గొంతే నన్ను గదమాయించింది. నా దగ్గరున్న గొంతు ఈ మధ్య వణుకుతోంది. దాని దగ్గరున్నది మాత్రం ఇంకా ఆ వేసవిదే. ఇన్నేళ్లు గడిచినా దాని పదును కాస్తయినా తగ్గలేదు.