వకీలును వెతికిపెట్టిన సూపరింటెండెంటు సార్

మొన్న శుక్రవారం సబ్‌సెంటర్‌లో పసిపిల్లలకు టీకాలు వేస్తుండగా ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. సూపరింటెండెంటు సార్ పోయారట. మిగిలిన నలుగురు పిల్లలకూ టీకాలు వేసి, తల్లులకు జాగ్రత్తలు చెప్పి, అప్పుడు బస్సెక్కాను. ఈ ఉద్యోగం ఇవాళ నాకు ఉందంటే ఆయన వల్లే.

ఆయన మాకు చుట్టం కాదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా నాన్న ఆదోనిలో వాళ్లింటికి చీరలు తీసుకుపోయేవాడు. అంతే పరిచయం. ఆయన జిల్లా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా ఆఫీసు కాగితం పట్టుకొని వస్తే ముందు అన్నం తిన్నావా అని అడిగేవారు. ఆకలి మీదున్న మనిషి ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాడని ఆయన నమ్మకం.

కొన్నేళ్ల కిందట నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆపరేషనుకు నేను పెట్టిన సెలవు చీటీ అందలేదని, చెప్పకుండా డ్యూటీ మానేశానని ఆర్డరులో రాశారు. మా పొలం గట్టు తగాదా గెలిపించిన ఆదోని వకీలు దగ్గరికే పోదామన్నాడు నాన్న. పోతూ పోతూ సార్ ఇంట్లో ఆగాం.

"ఆయప్ప మంచోడే," అన్నారు సార్ నాన్నతో. "గట్టు కేసు వేరు, సర్కారు నౌకరీ కేసు వేరప్పా. నీ మగ్గం మీద కంబళి నేయమంటే నేస్తావా?"

మరుసటి రోజు ఆయనే మాతో కర్నూలు వచ్చారు. మొదటి వకీలు మా కాగితాల కవరు విప్పకుండానే, నెలలో డ్యూటీలో ఉంటావన్నాడు. సార్ నమస్తే చెప్పి లేచారు. రెండో ఆయన నేరుగా హైకోర్టుకే పోదామన్నాడు. "ముందు పై అధికారికి అప్పీలు సేసుకోవద్దా?" అని సార్ అడిగితే, అదంతా దండగన్నాడు. మూడో వకీలు ఒక ఆడమనిషి. ఎక్కువగా సర్వీసు కేసులే చూసేది. ఆర్డరు రెండుసార్లు చదివి, "చీటీ ఇచ్చినట్టు రసీదు ఏదమ్మా?" అని అడిగింది. లేదన్నాను.

"అక్కడ మనం బలహీనంగా ఉన్నాం. గడువు దాటకముందే అప్పీలు వేద్దాం. ఆఫీసుకు వచ్చిన కాగితాల రిజిస్టరు నకలు సమాచార హక్కు కింద అడుగుదాం. గెలుస్తామని మాత్రం ఇప్పుడే చెప్పలేను."

నాకు భయం వేసింది. మెట్లు దిగుతూ సార్, "ఈమెకే ఇద్దాం తల్లీ. మన లోపం అవతలోళ్లు సెప్పకముందే మనకి సెప్పింది," అన్నారు.

తిరుగు బస్సులో, మా కోసం ఎందుకు సార్ ఇంత తిరుగుతాండారని నాన్న అడిగాడు. సార్ చెప్పుకొచ్చారు.

"నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక అటెండరును తీసేసినారు. ఆ ఫైలు రాసింది నేనే. వాని తప్పు లేదని తెలిసీ, పైనుంచి సెప్పినారని రాసినా. వాడు యాడనో పనికిరాని వకీలును నమ్మి గడువు పోగొట్టుకున్నాడు. అదీ నాకు తెలుసు. నోరు తెరవలేదు."

ఎమ్మిగనూరులో మేం దిగాం, సార్ అదే బస్సులో ఆదోని పోయారు.

రిజిస్టరు నకలు వచ్చింది. నా చీటీ అందినట్టు అందులో రాసే ఉంది. అయినా ఏడాది దాకా అప్పీలు కదల్లేదు. త్వరగా తేల్చమని ఆ వకీలమ్మ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చింది. ఆ ఏడాదంతా నాన్న పక్కన కూర్చొని మగ్గానికి నూలు కండెలు చుట్టాను. నేను డీలా పడినప్పుడల్లా సార్ ఫోన్ చేసేవారు. "కాగితం నడుస్తాంది తల్లీ. మనిషి కన్నా నిదానంగా నడుస్తాది, అంతే."

తిరిగి చేర్చుకుంటూ ఆర్డరు వచ్చిన రోజు ఆదోని పరిగెత్తాను. సార్ కళ్లద్దాలు పెట్టుకొని, వంటింట్లో ఉన్న భార్యను పిలిచారు. లేచి నిలబడి, ఆ ఇంగ్లీషు ఆర్డరును ఒక్కో వాక్యం చదివి, ఆమెకు వాళ్ల ఇంటి భాష ఉర్దూలో చెప్పారు. నకళ్లు ఎవరెవరికి పంపారో అది కూడా వదల్లేదు. జొన్నపిండి అంటిన చేతులు దూరంగా పెట్టుకొని, తలుపు దగ్గర నిలబడి, ఆ తల్లి చివరి సంతకం దాకా విన్నది.