బొట్టు తుడిచిన లైట్లు

కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఎదుటి కారు లైట్లు కళ్లలో కొడితే ఇప్పటికీ మా బాపు గుర్తొస్తాడు.

డెబ్బైల్లో, నా ఎనిమిదో ఏట, మా చిన్న కారుకు వెలుతురు చాలడం లేదని బాపు రెండోసారి ఇంకా పెద్ద లైట్లు వేయించాడు. అమ్మ వాటి అద్దాలకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పొద్దుగూకగానే బాపు కారులో కూర్చొని లైట్లు వేశాడు.

"గిదేంది, గింత మసక? బొట్టు అడ్డమొస్తున్నట్టుంది. జర తుడువు బిడ్డా."

గౌను అంచుతో తుడిచాను. ఆ వెలుతురుకు నా కళ్లు చెదిరిపోయాయి.

"ఇప్పుడెట్లుంది?"

బాపు మాట తప్పెలా అవుతుంది?

"మసకనే ఉంది బాపూ" అన్నాను.

ఆయన మళ్లీ లైట్లు మార్పించాడు. కంటి దవాఖానకు వెళ్లేసరికి చూపు చాలావరకు పోయింది.

లైట్లు బాగానే ఉన్నాయని ఆ సాయంత్రం తెలిసింది నా ఒక్కదానికే.